నల్లమందు వంతు

ఆ ఎండాకాలం మా ఊరి ఆడవాళ్లు పొద్దున బావి దగ్గర కలిస్తే ఒకరినొకరు అడిగే మొదటి మాట ఒకటుండేది: "ఇయ్యాల నల్లమందు ఎవలింట్ల?" పొరుగూరివాడెవడైనా వింటే ఇదేం పాడు ఊరు అనుకునేవాడు. అనుకుంటే అనుకోనీ. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా అలాంటి మాట వినిపించిన ఊరు మాదొక్కటే. అది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే.

నల్లమందు తినేది మా ఆయన లస్మయ్య. నిజాంసాగర్ కాలువ తవ్వే రోజుల్లో నడుము మీద బండ పడిందట. నొప్పికి ఓర్వలేక అరుస్తుంటే పక్కనున్న కూలీ ఎవడో జాలిపడి చిన్న ఉండ నోట్లో వేశాడట. ఆ జాలి మా ఇంటిని ముంచింది. నేను కాపురానికి వచ్చేసరికి పొద్దున ఒక ఉండ, పొద్దుగూకితే ఒక ఉండ. అది కడుపులో పడితే దేవుడిలాంటి మనిషి. పడకపోతే ముక్కూ కళ్లూ కారేవి, ఒళ్లంతా వణికేది, ఇంట్లో ఉన్న చెంబో గిన్నో మాయమయ్యేది.

మా అత్తగారింటివాళ్లు తాతల నాటి నుంచి మొహర్రం నెలలో వచ్చే పీరీల పండుగకు పెద్దపీరు ఎత్తేవాళ్లు. మా ఆయన మత్తులో కళ్లు మూసుకుని, పీరును పట్టుకుని మెల్లగా ఊగుతూ నడుస్తుంటే, పీరు ఒంటిమీదికి వచ్చిందని ఊరంతా నమ్మింది. బిందెలతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసేవాళ్లు. తప్పిపోయిన బర్రె ఎటుపోయిందని అడిగేవాళ్లు. ఆయన ఏదో గొణిగేవాడు. ఒకసారి బర్రె నిజంగానే ఆ దిక్కున దొరికింది, ఇంకేం కావాలి. అంతకు ముందటేడు మాత్రం నిప్పుల గుండం ఒడ్డున కాలు తూలి పీరుతో సహా పడిపోయాడు. పీరుకు కట్టిన పట్టుగుడ్డల దట్టీలన్నిటికీ బూడిద అంటింది. ఇన్నేళ్లూ ఊగింది పీరు కాదు, నల్లమందని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ రోజు నుంచి ఆయనను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరి నోటా నల్లమందోడే. పెద్దపీరు నర్సింహులు చేతికి పోయింది. మా ఆయనకు బావ వరుస అతను, నాకు అన్న వరుస.

మళ్లీ పీరీల నెల రాబోతుందనగా మా అత్త హన్మవ్వ కొడుకును గొడ్ల కొట్టంలోకి తోసి గొళ్లెం పెట్టింది. గొళ్లెం చాలదని తలుపుకు రోకలి అడ్డం వేసింది. "సస్తే సస్తడు, బతికితే మనిషై బయటికొస్తడు" అంది. అంటూనే ఆ రోకలి పట్టుకుని కూర్చుని ఏడ్చింది. లోపల ఆయన తలుపును తలతో కొడుతున్నాడు. నేను బీబీపేటలోని మా తల్లిగారింటికి పోవడానికి మూట కట్టుకుని అరుగు మీద ఉన్నాను. ఎడ్లబండి వస్తే ఎక్కడమే.

బండి రాలేదు, జన్నత్ బీ వచ్చింది. పీరీలను కనిపెట్టుకుని ఉండే ముజావర్ భార్య ఆమె. ఆయన చనిపోయినప్పటి నుంచి పీరీల కొట్టంలో దీపం పెట్టేది, ఊదు వేసేది ఆమే. ఊరందరికీ జన్నతవ్వ. పండుగకు కొట్టం అలకడానికి ఎర్రమట్టి కోసం వచ్చింది, తట్ట చంకలో ఉంది.

"హన్మవ్వా, లోపట ఎవలున్నరు?"

"దయ్యం" అంది మా అత్త.

"దయ్యం గిట్ల ఏడ్వది. గొళ్లెం తియ్యి."

"తియ్య. నాలుగొద్దులు ఆగితే అదే దిగుతదని అందరంటున్నరు."

జన్నతవ్వ తట్ట కింద పెట్టింది. "నేను గూడ ఆగిన హన్మవ్వా. మా ఆయనకు గూడ గిదే అలవాటుండె, అర్రల పెట్టి గొళ్లెం పెట్టిన. జరమొచ్చి పోయిండని మీకందరికి చెప్పిన. జరం కాదు. ఇగ అరుస్తలేడని తలుపు తీసి సూస్తే సల్లగై ఉన్నడు."

మా అత్త రోకలి మీది చేయి తీసేసింది. జన్నతవ్వే తలుపు తీసి లోపలికి పోయింది. పేడలో, వాంతిలో పడి ఉన్న మనిషి తలను ఒడిలోకి తీసుకుని కొంగుతో మొహం తుడిచింది. "అన్నం ఎప్పుడు తిన్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్న మాలో ఎవరం అడగలేదు.

"ఒక్క ఉండ ఇప్పియ్యి అవ్వా, నీ కాల్మొక్త."

నల్లమందు డబ్బీ నా దగ్గరే దాచాను. జన్నతవ్వ అది అడిగి తీసుకుని, ఒక ఉండ గిచ్చి, ముప్పావు వంతు ఆయన నోట్లో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేం పద్ధతవ్వా? మాన్పియ్యమంటే నువ్వే తినవెడ్తున్నవ్."

"ఒక్కసారే గుంజితే పానం గూడ దాని ఎంబడే వస్తది. మెల్లమెల్లగ గుంజుదాం" అంది. తర్వాత మా అత్త వైపు తిరిగి, "నీ కొడుకు ఇగ నీ కొడుకు కాదు. రేపటి సంది పీర్ల ఫకీరు" అంది.

పీరీల నెలలో మొక్కుకున్నవాళ్లు ఎర్రదీ పచ్చదీ కలిపి పేనిన దారం మెడలో వేసుకుని ఫకీర్లవుతారు. హిందువులూ అవుతారు, తురకలూ అవుతారు. జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. దారం మెడలో ఉన్నంతకాలం అబద్ధమాడకూడదు. వాళ్లకు ఒక నియమమైతే ఊరికి ఒకటి. ఫకీరు వాకిట్లో నిలబడితే లేదు పొమ్మనకూడదు. నిన్నటిదాకా ఊళ్లోవాళ్లు కుక్కలను ఉసిగొల్పిన మనిషి మెడలో జన్నతవ్వ ఆ దారం కట్టింది. ఆమె తెలివి నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు మా వాడంతా తిరిగి తిరిగి ఆయన మా వాకిట్లోకే వచ్చాడు. ముక్కు కారుతోంది, కళ్లు నేల మీదే ఉన్నాయి.

"ఫకీరొచ్చిండు తల్లీ" అన్నాడు.

"ఏ ఫకీరు? నా ముక్కుపుల్ల ఎత్కపోయిన ఫకీరా?"

"ఆ ఫకీరే."

"మా అవ్వగారిచ్చిన గిన్నెలు మాయం జేసి, పిల్లి మీద చెప్పిన ఫకీరా?"

"అవు తల్లీ. పిల్లి తప్పేం లేదు."

లోపలి నుంచి మా అత్త, "ఫకీరును గట్ల నిలవెట్టద్దే, ఇంటికి మంచిది కాదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక చేటెడు జొన్నలు తెచ్చి జోలెలో పోశాను. నా మొగుడికి నా చేత్తో బిచ్చం వేశాను. సిగ్గుపడ్డానా అంటే, లేదు. పెళ్లయ్యాక ఆయన నాతో అబద్ధం కలపకుండా మాట్లాడడం అదే మొదలు. మూట విప్పి చీరలు మళ్లీ దండెం మీద వేశాను. పండుగ అయ్యేదాకానే అని నాకు నేనే చెప్పుకున్నాను.

పండుగ అయిపోయింది. ఆఖరు రోజు పీరీలను వాగుకు తీసుకుపోయి కడిగారు, బెల్లం షర్బత్ పంచారు. మొక్కు తీరిన ఫకీర్లందరూ దారాలు విప్పి నీళ్లలో వదిలారు. మా ఆయన కూడా మెడ మీదికి చేయి పోనిచ్చాడు. జన్నతవ్వ ఆ చేయి పట్టుకుని ఆపింది.

పెద్దపీరు భుజాన ఉన్న నర్సింహులు అది చూశాడు. "పండుగ ఒడిసింది గదవ్వా. ఒడిసినంక దారం ఉంచుకుంటే ఊరికి కీడు."

"నలభయ్యో దినం నాడు మళ్ల పీరును లేపుతం, ఎరుకేనా? గప్పటి దాంక పీర్ల దుఃఖం ఒడిసినట్టు కాదు. వీనికి గూడ ఒడువలే. నలభై దాంక ఉండనీ."

"ఇంకా తింటనే ఉన్నడు గద. ఫకీరేంది, నల్లమందేంది?"

"తింటున్నడు. రోజుకింత తగ్గుతున్నది. కని ఇగ నా ఒక్కదానితోని కాదు కొడుకా. నేను ముసల్దాన్ని, వీడు ఏడిస్తే కరిగిపోత. నిన్న ఒకటియ్యాల్సిన కాడ రెండిచ్చిన." ఆమె ఊరివైపు తిరిగింది. "గొడ్లు కాసే ఆశన్నకు ఇంటికో పూట వంతు అన్నం పెడ్తలేరా? ఆ వంతు ఎంబడే వీని ఉండ గూడ తిరుగుతది. ఆశన్న ఏ ఇంట్ల తింటే లస్మయ్య ఆ ఇంట్లనే తింటడు. అన్నం వెట్టి, ఉండల గింత గిచ్చి పొయిల వేసి, తక్కింది ఇయ్యిండ్రి. డబ్బీ నా కాడ ఉంటది, దినాం జర సిన్న ఉండ జేసి పంపుత. లస్మయ్య ఇంట్ల మాత్రం నల్లమందు ఉండద్దు."

ఎవరో వెనక నుంచి, "ఆ పాడుది మా ఇంట్లకెందుకు?" అన్నారు.

"మెడల దారమున్నోన్ని వాకిట్లకెళ్లి ఎల్లగొట్టెటోళ్లు ఎవలో ముందటికి రాండ్రి" అంది జన్నతవ్వ.

ఒక్కరూ ముందుకు రాలేదు. అలా మొదలైంది నల్లమందు వంతు.

మొదట్లో అందరూ సణిగారు. పొద్దున పక్కింటివాళ్లు జన్నతవ్వ దగ్గరి నుంచి ఆకులో చుట్టిన ఉండను తెచ్చి ఇస్తే, తేలును పట్టుకున్నట్టు కొసవేళ్లతో పట్టుకునేవాళ్లు. గిచ్చడం కూడా తలా ఒక తీరు. భూదవ్వ మనసు మెత్తన, గిచ్చినట్టు చేసి మొత్తం ఇచ్చేసింది. భూమక్క అట్లా కాదు, గిచ్చి గిచ్చి జొన్నగింజంత మిగిల్చింది. ఆ రోజు ఆయనకు కాళ్లు పీకి, కడుపులో దేవి, మా ఇంట్లో ఎవరికీ కునుకు లేదు. తెల్లారి భూమక్క సంగతి విని ఆముదం గిన్నె పట్టుకుని వచ్చింది. "తప్పయిందే బాలలక్ష్మీ, నాకు గిచ్చుడు రాదు. కాళ్లు పిసుకుడు వస్తది" అని కూర్చుంది. అప్పటి నుంచి ఆయన ఒళ్లు పీకిన రోజల్లా ఎవరో ఒకరు వచ్చేవాళ్లు.

వంతు ఇంటికి ఆయన పొద్దు ఉండగానే పోయేవాడు. వట్టి చేతులతో కూర్చుంటే ఆలోచన ఎల్లారెడ్డిలోని నల్లమందు దుకాణం మీదికి పోతుందని, ఆ ఇంట్లో ఉన్న జనుము తీసుకుని తాళ్లు పేనేవాడు. ఆ ఎండాకాలం మా ఊళ్లో కొత్త పగ్గం లేని ఎద్దు లేదు. నల్లమందోడు అన్న మాట మెల్లగా పోయి, "మా వంతు లస్మయ్య" అన్న మాట వచ్చింది. నేను బావి దగ్గర తలెత్తి నిలబడ్డాను. అంతకు ముందు అందరూ తోడుకున్నాక పోయేదాన్ని.

తిరిగి తిరిగి వంతు నర్సింహులు ఇంటికి వచ్చింది. ఆ పొద్దున ఉండను తీసుకుని రొంటిన దోపుకున్నాడు, అంతలో పల్లికాయ బస్తాలు బండికెత్తి కామారెడ్డి అంగడికి పోయాడు. కావాలని చేశాడని కొందరన్నారు. నేను అనను. మరిచాడు, అంతే. నచ్చని పనిని ఎవరైనా తొందరగానే మరుస్తారు.

సాయంత్రం మా ఆయన పోయేసరికి నర్సింహులు భార్య మంగవ్వ నెత్తి కొట్టుకుంది. అన్నం పెట్టింది, ఆయన ముద్ద మింగలేకపోయాడు. ఆమె కబురు పంపితే నేను ఉరికాను. వాళ్లింటి మెట్టు మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఎండాకాలంలో గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఆ మొహం చూస్తే నాకు గొడ్ల కొట్టం తలుపు గుర్తుకొచ్చింది. ఆ ఉండను చూస్తేనే ఉమ్మేసే మనిషిని, నేనే అన్నాను:

"దుకాణం ఇంకా తెరిచే ఉంటది. నేను ఉరికి పోయి తెస్త."

"వద్దు" అన్నాడు.

"సస్తవయ్యా."

"సావ. కూసో."

కూర్చున్నాను. మంగవ్వ ఒక కాలు, నేను ఒక కాలు పట్టుకున్నాం. ఏదో ఒకటి మాట్లాడమని ఆయనే అడిగితే మంగవ్వ వాళ్ల ఆవు ఈనిన సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చింది, అయిపోతే మళ్లీ మొదలుపెట్టింది. పొద్దుగూకుతుంటే బండి వచ్చింది. నర్సింహులు దిగి, కాడి కూడా విప్పకుండా మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. చేయి రొంటిన పెట్టుకుని చూసుకున్నాడు.

"నువ్వు ఎల్లారెడ్డి పోలేదేంది?" అని అడిగాడు.

"నా వంతు మీ ఇంట్ల గద బావా" అన్నాడు మా ఆయన.

నర్సింహులు ఆకుచుట్ట తీసి ఇచ్చాడు. వేడికి ఉండ మెత్తబడి ఆకుకు అంటుకుంది. మా ఆయన గోటితో దాన్ని చీల్చి సగం వెనక్కి ఇచ్చాడు. "ఇంతసేపు ఆగిన గద. ఇంతే సాలు." నర్సింహులు ఆ సగాన్ని లోపలికి తీసుకుపోయి పొయ్యిలో వేశాడు. కాళ్లు కడుక్కుని వచ్చి మా ఆయన పక్కనే పీట వేసుకుని, మంగవ్వను ఇద్దరికీ వడ్డించమన్నాడు.

నలభయ్యో దినం ఇంకా రాకముందే ఉండ తగ్గి తగ్గి ఆవగింజంత అయి, చివరకు ఆకు ఒక్కటే మిగిలింది. కొన్నాళ్లు ఆయన వంతు ఇంటికి పోయి వట్టి అన్నం తిని వచ్చాడు. నడుము నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లు మత్తు కింద దాగి ఉన్నదంతా లేచి కూర్చుంది, ఆయన కుంటుతూ నడవసాగాడు.

నలభయ్యో దినం పొద్దున పెద్దపీరు మా వాకిట్లోకి వచ్చి ఆగింది. "లస్మా, బరువైతున్నది. జర పట్టు" అన్నాడు నర్సింహులు. అతని భుజాలు చూస్తే రెండు పీరీలను మోసేటట్టున్నాయి. మా ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. పీరును ఎత్తుకుని వాగు దారి పట్టాడు. అడుగడుక్కీ ఒక పక్కకు ఒరుగుతూ, పళ్లు బిగించి, కళ్లు పూర్తిగా తెరిచి నడిచాడు. జనం ఎప్పటిలా ఊగుతాడేమోనని చూశారు. ఊగలేదు. నిండు బిందెతో నిలబడ్డ ముసలామె ఎవరో మా అత్తను అడిగింది:

"పీరొచ్చినట్టు లేదేందే హన్మవ్వా?"

"పీరు రాలే" అంది మా అత్త. "నా కొడుకొచ్చిండు."

నేను చాలామంది నడక చూశాను, రాజుల సవారీలో గుర్రాల నడక కూడా చూశాను. ఆ కుంటి నడకంత అందమైన నడక ఎన్నడూ చూడలేదు. వాగు దగ్గర జన్నతవ్వ ఆయన మెడలోని దారం విప్పి నీళ్లలో వదిలింది. అది కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడింది. తన ముజావర్‌ను తలచుకుందో ఏమో, నేను అడగలేదు.

మేం వెనుదిరుగుతుంటే వాగు అవతలి ఒడ్డు నుంచి ఒకడు నీళ్లలోకి దిగాడు. యాకూబు. అవతలి పల్లెలో కొత్తగా కిరస్తానం పుచ్చుకున్న కూలీ కుటుంబం వాళ్లది. కాలువ పనిలో మా ఆయనతో రాళ్లు మోసినవాడే. ముక్కూ కళ్లూ కారుతున్నాయి, మునుపు మా ఆయనకు కారినట్టే.

"నాకు గూడ గా దారం కడ్తవా అవ్వా? నేను ఏసు మనిషిని మరి."

"మెడ ఉన్నది గద, సాలు" అంది జన్నతవ్వ.

పండుగ లేదు, నెల కాదు, ఫకీరు మాత్రం తయారయ్యాడు. ఈసారి కీడు అన్నవాళ్లు లేరు. ఆశన్న అన్నం వంతు మర్నాడు ఎవరిదని జన్నతవ్వ అడిగితే, మాదని తేలింది.

పొద్దున్నే ఆకుచుట్ట పట్టుకుని వచ్చింది ఆమె. నేను చేయి చాచాను. నన్ను దాటుకుని పోయింది. మా అత్త చేయి చాచింది. ఆమెనూ దాటి, అరుగు మీద జనుము విడదీస్తున్న మా ఆయన అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆయన చాలాసేపు ఆ చేయి మూయలేదు. తర్వాత రొంటిన దోపుకున్నాడు.

ఆ పగలు నేను ఏ పనీ సరిగా చేయలేదు. చేటలో బియ్యం పోసుకుని వాకిట్లో కూర్చుని రాళ్లు ఏరాను, లేని రాళ్లు కూడా ఏరాను. ఆయన తాడు పేనుతూ మధ్యమధ్య అరచేయి ధోవతికి తుడుచుకుంటున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు లేచి గొడ్ల కొట్టం వెనక్కి పోయాడు. చేట పక్కకు పెట్టాను. లేచాను. రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి చేట ముందు కూర్చున్నాను. పోయి చూస్తే ఆయన గెలిచినా నేను ఓడినట్టే అనిపించింది. కొట్టం వెనక నుంచి ఎద్దు నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది.

యాకూబు పొద్దుగూకకముందే వచ్చాడు. వాకిట్లోకి రాగానే చేయి చాచాడు. "అన్నా, ముందుగాల గది ఇయ్యి. నీకెరుకే గద."

"ఎరుకే తమ్మి" అన్నాడు మా ఆయన. ఆకు విప్పాడు. ఉండ పెట్టింది పెట్టినట్టే ఉంది. గోటితో గిచ్చి, సరిగ్గా గిచ్చి, ఆ తునకను పొయ్యిలో వేశాడు. మిగిలింది మళ్లీ చుట్టి రొంటిన దోపుకుని, నీళ్ల చెంబు అందుకున్నాడు.

"అన్నం తిన్నంక ఇస్త. రా, కాళ్లు కడుక్కో" అన్నాడు.